దిబ్బ వీధి నిప్పు మనిషి

మైలపల్లి కొర్లమ్మ నోట్లో నిప్పు పెట్టుకుని మాట్లాడేది. ఆవిడ మాట తీరును నేను వర్ణిస్తున్నాననుకోకండి. ఆవిడ నోట్లో ఉండేది నిఖార్సైన నిప్పు, వేలు పెడితే బొబ్బెక్కే నిప్పు. చుట్ట వెలిగించి, వెలిగిన కొసను నాలుక మీదికి తిప్పి, పెదవులు మూసి, ఆ స్థితిలోనే రేవులో చేపల వేలంపాట పాడేది. కోడళ్లను దిద్దేది, అల్లుళ్లను అదిలించేది. ఒకసారి నా కళ్లెదుటే వల కొస అందుకోవడానికి సముద్రంలో దిగింది. పెద్ద అల వస్తుంటే చుట్ట ముక్కను పూర్తిగా నోట్లోకి లాక్కుని మునిగింది. అల దాటాక అవతల తేలి, తల విదిలించి, ముక్కులోంచి పొగ వదిలింది. అగ్నిదేవుడికీ వరుణదేవుడికీ ఒక్క నోటిలో సంధి కుదిర్చిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తరువాతా చూడలేదు.

నాబోటివాళ్లు సిగరెట్టో చుట్టో వెలిగించి నిప్పును లోకం వైపూ, చల్లటి కొసను తమ వైపూ పెట్టుకుంటారు. దిబ్బ వీధి ఆడవాళ్లు ఆ స్వార్థాన్ని ఏనాడో విడిచిపెట్టారు. నిప్పు కొసను నోట్లో పెట్టుకునే ఈ పద్ధతిని అడ్డపొగ అంటారు.

కాకిదిబ్బలో వీధులు రెండే. ఇసుక మెరక మీద ఉన్నది దిబ్బ వీధి. ఉప్పుటేరు పక్కనున్నది ఏటిగట్టు వీధి. నడుమ మోకాలి లోతు నీళ్లు. రెండు వీధులవాళ్లదీ ఒకటే కులం, ఒకటే సముద్రం, ఒకటే అమ్మవారు. అయినా ఏటిగట్టు ఆడవాళ్లు పొగాకు నములుతారు తప్ప నిప్పు ముట్టరు. దిబ్బ ఆడవాళ్లు నిప్పు మింగుతారు తప్ప నమలరు. ఏటిగట్టు మనిషి ఎదురైతే దిబ్బ వీధిలో "గేదె వస్తన్నాది, నెమరేసుకుంటా" అనేవారు. ఏటిగట్టులో వీళ్లను "పొయ్యిమూతులు" అనేవారు. ఇరుపక్షాలవారూ ఈ మాటలను పరమ గౌరవంగా స్వీకరించి మోసేవారు.

అడ్డపొగ ఎందుకు పుట్టిందని నేను బడిపంతులుగా చేరిన కొత్తలో అడిగాను. సముద్రపు గాలికి నిప్పు ఆరకుండా అని ఒకరన్నారు. చంకలో బిడ్డకు చురక తగలకుండా అని మరొకరు. కొర్లమ్మను అడిగితే నన్ను కాసేపు జాలిగా చూసింది. "మా యీది అంతే, బావూ," అంది. పాతికేళ్లు అక్కడే ఉన్నాక నాకూ అంతకు మించిన సమాధానం దొరకలేదు.

ఆ వీధిలో చుట్ట ఒక వ్యసనమని అనుకుంటే పొరపాటు. అది రాజ్యాంగం. చేపలు కొని ఎండబెట్టి అమ్మే ఆడవాళ్లు పదకొండేసి మంది ఒక జట్టు. జట్టుకొక నిప్పు మనిషి. తెల్లవారుతూనే నిప్పు మనిషి తన పొయ్యిలో చుట్ట అంటించుకుని వాకిట్లోకి వస్తుంది. మిగతావాళ్లంతా తమ చుట్టలు ఆవిడ చుట్టకు ఆనించి వెలిగించుకుంటారు. ఎవరి నిప్పు అందుకుంటే వాళ్ల జట్టు. అంతకు మించి కాగితం, సంతకం, సాక్షి అక్కర్లేదు. పొద్దున ఒకరి నిప్పు అందుకుని మధ్యాహ్నం ఇంకొకరి పాటలో నిలబడ్డ ఆడమనిషిని ఆ వీధి ఎరగదు. కొర్లమ్మ ఇరవై రెండేళ్లుగా నిప్పు మనిషి. రేవులో ఆవిడ పాడితే షావుకార్లు సగం ధరకు అడగడానికి సిగ్గుపడేవారు.

అలాంటి కాలంలో ఒక పళ్ల డాక్టరమ్మ వచ్చింది. పట్నం నుంచి జీపులో వచ్చి మా బడి వరండాలో కుర్చీ వేసుకుని, దిబ్బ వీధి ఆడవాళ్లందరి నోళ్లూ తెరిపించి, బ్యాటరీ లైటు వేసి చూసింది. చిన్న పిల్ల. మొదటి పది నోళ్లు చూశాక ఆ అమ్మాయి ముఖం పాలిపోయింది. ఎవరో మంచినీళ్లిచ్చారు. కొర్లమ్మ అంగిలి దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. మెంతిగింజంత ముక్క తీసి సీసాలో వేసుకుని, మూడు వారాలకు చీటీ పంపింది.

ఆ చీటీ పట్టుకుని కొర్లమ్మ బడికి వచ్చింది. పిల్లలకు ఆటల గంట. నేను వరండాలో సిగరెట్టు వెలిగించుకుంటున్నాను.

"మేష్టరు బావూ, ఇందుల ఏటి రాసిందో సదివి సెప్పండి. మెల్లగా సదవండి, అది వింటాది." అది అంటే గోడవారన నెత్తళ్ల చేపలు ఎండేస్తున్న తవిటమ్మ. జట్టులో కొర్లమ్మ తరువాతి మనిషి. కొర్లమ్మ తరువాత నిప్పు మనిషి తానేనని ఇరవై రెండేళ్లుగా అందరికీ గుర్తు చేస్తూ వచ్చిన మనిషి.

"అంగిట్లో తెల్ల పొర కట్టింది. మధ్యలో ఎర్ర మచ్చలున్నాయి. ఇంకా ముదరలేదట. పొగ మానేస్తే తగ్గొచ్చట. మానకపోతే కొయ్యాల్సి వస్తుందట."

"రోజుకొక్కటి?"

"ఒక్కటీ వద్దని కింద రెండు గీతలు గీసింది. నమలనూ వద్దంది. ఆరు నెలలకు మళ్లీ వచ్చి చూస్తుందట."

కొర్లమ్మ చుట్టను నోట్లో ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చింది. "మా అత్తకీ ఇదే," అంది. "అంగుడికి సిల్లు పడిపోనాది. సోడంబలి నోట్లో పోత్తే ముక్కులోంచి వచ్చీది. ఆకలితో పోయినాది బావూ, ఎదురుగ్గా కుండెడు అంబలున్నాది, ఆకలితో పోయినాది."

"మరింకేం. మానేసెయ్యి."

"మీరు మానేసినారేటి?"

అప్పటికి నేను నాలుగుసార్లు మానేసి ఉన్నాను. ప్రతిసారీ స్టాఫురూములో ప్రకటన చేసి, ఇంట్లో ఒట్టు పెట్టి, పెట్టె బావిలో పారేసి, వారం తిరక్కుండా కిళ్లీ కొట్టు దగ్గర పట్టుబడ్డాను. ఐదో ప్రకటన తయారుచేసుకుంటున్నాను. అందుచేత చేతిలో సిగరెట్టును వీపు వెనక్కి పెట్టుకున్నాను.

"మీకైతే మానేత్తే నలుగురు మెచ్చుకుంతారు. మాకలాగ కాదు," అంది.

నిజమే. దిబ్బ వీధిలో ఆడమనిషి పోయిందని చెప్పడానికి 'చుట్ట దించింది' అంటారు. చుట్ట దించాక నాలుగు రోజులు గాలి పీల్చినా అది లెక్కలోకి రాదు. ఒకావిడ జ్వరంతో మూడు రోజులు చుట్ట ముట్టకపోతే మూడు ఊళ్ల చుట్టాలు పాడెకు వెదుళ్లతో సహా దిగారు. పాపం ఆవిడే లేచి వాళ్లందరికీ వండిపెట్టాల్సి వచ్చింది. ఇక నిప్పు మనిషి చుట్ట దించితే జట్టు పెద్దరికం రెండో మనిషికి పోతుంది, ఆ ఇంటి నిప్పు మాత్రం ఆరకుండా ఆ ఇంట్లో చిన్నదాని నోటికి వెళుతుంది. కొర్లమ్మ ఇంట్లో చిన్నది కోడలు నీలవేణి. ఏటిగట్టు పిల్ల. పంతొమ్మిదేళ్లది, మూడో నెల. తొలిచూలు పురుడు వెళ్లగానే అడ్డపొగ అందుకుంటుందన్న ఒప్పందం మీదే దిబ్బ వీధి ఆ సంబంధానికి తల ఊపింది.

"నాది ముసిలి అంగుడు," అంది కొర్లమ్మ. "ఏటయితే అదవనీ. ఆ కోడలి గుంట అంగుడు మీగడ లాగుంటాది బావూ. మొన్న ఆవలిత్తంటే సూసినాను. నాను దింపినానంటే రేపే దాని నోట్లో నిప్పెట్టీస్తారు. నాను దింపకుంటే నాకు సిల్లు." లేచి చీటీని మడిచి రొంటిన దోపుకుంది. "ఇద్దరికీ సిల్లు పడకుండా ఎలాగో ఆ డాక్టరమ్మ రాసిందేటి?"

రాయలేదు. వైద్యశాస్త్రం అంతదూరం రాలేదు.

మర్నాడు పొద్దున కొర్లమ్మ ఎప్పటిలాగే నోట్లో చుట్టతో రేవుకు వెళ్లడం చూశాను. నాకు కష్టమేసింది. మనిషి బలహీనతల మీద ఒక గంభీరమైన ఉపన్యాసం తయారుచేసుకున్నాను. నాలుగో రోజు ఆవిడ బడి ఆవరణలో బాదం చెట్టు కింద ఎండుటాకులు ఏరుతుంటే పట్టుకున్నాను.

"చీటీ చదివించుకున్నది దేనికి? పొయ్యిలో వేయడానికా?"

కొర్లమ్మ అటూ ఇటూ చూసి చుట్ట నోట్లోంచి తీసి నా అరచేతిలో పెట్టింది. నేను ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాను. కాలలేదు. చుట్ట చల్లగా, ఏటి ఒడ్డు గులకరాయిలా ఉంది. కొస మాడి ఉంది. కానీ అది పొగాకే కాదు. ఎండు బాదం ఆకు, పొగాకు రంగులోనే ఉంది, పొగాకు మడతలోనే చుట్టి ఉంది.

"మీరొక్కరే సూసినారు," అంది. "నోరిప్పినారంటే మీ ఇంటికి సేపల్లేవు."

నేను ఆ బాదం చుట్టను తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చాను. ఎందుకిచ్చానో నాకే తెలియదు. లోకంలో నిప్పు బయటికి పెట్టుకునేవాళ్లు మానేస్తే పది మందికీ తెలుస్తుంది. నిప్పు లోపల పెట్టుకునే వీధిలో అది ఉన్నదీ లేనిదీ ఆ నోటికి తప్ప ఎవరికీ తెలియదు. సముద్రపు గాలిలో పొగ ఎవరిదో ఎవరు లెక్కపెట్టారు? పొగ తాగడాన్ని పెద్దల దగ్గర, భార్యల దగ్గర, హెడ్మాస్టర్ల దగ్గర దాచినవాళ్లను వేలమందిని చూశాను. వాళ్లలో నేనూ ఒకడిని. పొగ తాగకపోవడాన్ని ఊరంతటి దగ్గరా దాచిన మనిషిని ఒక్క కొర్లమ్మనే చూశాను.

పొద్దున నిప్పు ఇవ్వడం ఎలా కుదిరిందని అడిగాను. నిప్పు ఇవ్వకపోతే జట్టు లేదు కదా. అసలు చుట్ట ఒకటి పొయ్యిలో నోటితో పీల్చకుండా ఊది అంటించేదట. దానితో పదిమందికీ నిప్పు ఇచ్చేది. తరువాత గంప ఎత్తుకునే వంకన వంగి ఆ చుట్టను నెత్తిన పెట్టుకునే తడి చుట్టకుదురులో గుచ్చి ఆర్పేది. లేచేటప్పటికి నోట్లో బాదం చుట్ట ఉండేది. కనురెప్ప పాటులో జరిగే పని. గారడీవాడు పదేళ్లు నేర్చుకునే విద్య. ఆవిడకు నేర్పినవాడు లేడు.

చెప్పినంత సులువుగా జరగలేదు. మొదటి ఇరవై రోజులూ దిబ్బ వీధి గడగడలాడింది. పొయ్యి మీద అన్నం పొంగితే పొయ్యిని తిట్టింది. అల వెనక్కి పోతే అలను తిట్టింది. ఒక షావుకారు పాటలో ఎక్కడ ఆగాలో తెలియక, ఆవిడ చూపుకి భయపడి, తన పాట మీద తానే పెంచుకుంటూ పోయాడు. బాదం చుట్టలను కొరికి పిప్పి చేసేది. రోజుకు ఎనిమిది. మా బడి చెట్టు కింద ఊడ్చే పని లేకుండా పోయింది. పొద్దున పదిమందికి నిప్పు ఇచ్చేటప్పుడు ఆ పొగ తన ముక్కు కిందనుంచే పోయేది. అప్పుడు ఊపిరి బిగబట్టి వంద లెక్కపెట్టేదట. ఇరవై దాకానే వచ్చు ఆవిడకు. ఐదు సార్లు లెక్కపెట్టేది.

తవిటమ్మ ముక్కు మాత్రం చిన్నది కాదు. "అప్పా," అందట ఒకనాడు రేవులో, "నీ పొగ పలచబడిపోనాదేటి?"

"వయసయింది. అన్నీ పలచబడతాయి. నీ జుత్తు సూసుకున్నావా?"

"జుత్తు నా నెత్తి మీదున్నాది, అందరూ సూస్తారు. నీ నోట్లో ఏటున్నాదో ఎవులికి తెలస్తాది?"

"ఏలెట్టి సూడు. కొరికెస్తాను."

ఆరు నెలలకు డాక్టరమ్మ జీపు మళ్లీ వచ్చింది. ఈసారి కొర్లమ్మ అంగిలి చూసి కుర్చీలోంచి లేచింది. తెల్ల పొర సగానికి సగం పోయింది. ఎర్ర మచ్చలు రెండు తప్ప కనపడలేదు. ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

"మానేశారు కదూ?" అంది అందరికీ వినపడేలా.

వరుసలో వెనకే తవిటమ్మ నిలబడి ఉంది. ఆ వెనక జట్టులో మిగతా తొమ్మండుగురు. కొర్లమ్మ చేతిలో కొస మాడిన బాదం చుట్ట ఉంది.

"మానడమేటమ్మా," అంది కొర్లమ్మ. "పొద్దు నిండా తాగతన్నాను. కావాలంటే ఈలని అడుగు."

తొమ్మండుగురూ సాక్ష్యం చెప్పారు. తవిటమ్మ కూడా, ఒక క్షణం ఆలస్యంగా. డాక్టరమ్మ నోటుపుస్తకం తెరిచి, కలం పట్టుకుని, చాలాసేపు కూర్చుంది. రోజుకు ఎనిమిది అడ్డపొగ చుట్టలు తాగుతూ జబ్బు నయం చేసుకున్న తొలి మానవ అంగిలిని ఆవిడ ఏమని రాసుకుందో నాకు తెలియదు. నేను అటు తిరిగి నల్లబల్ల తుడిచాను. చేపల బెదిరింపు అలాంటిది.

నెల దాటకుండా నీలవేణి ఆడపిల్లను కన్నది.

పురుడు వెళ్లిన ఇరవై ఒకటో రోజున తొలి చుట్ట. దానికొక పద్ధతి ఉంది. అత్త తన నోట్లో వెలుగుతున్న చుట్టను తీసి కోడలి నోట్లో పెట్టాలి. ఆ నిప్పు పరాయి కంట పడకూడదు, దిష్టి. అందుకని ఇద్దరూ ఒకే పైట కింద తల దూర్చాలి. కోడలు మూడు దమ్ములు పీల్చి దగ్గాలి. దగ్గితే అంటినట్టు. అప్పుడు జట్టులో రెండో పెద్దది తన తలనూ ఆ పైట కిందకు పెట్టి కొత్త నోటి నిప్పుతో తన చుట్ట వెలిగించుకుని బయటికి వచ్చి "అంటుకుంది" అని చెప్పాలి. ఆ మాటతో కోడలు దిబ్బ వీధి మనిషి అవుతుంది. జట్టులో రెండో పెద్దది తవిటమ్మ.

ముందు రోజు మధ్యాహ్నం కొర్లమ్మ కోడలికి అంతా చెప్పింది. ఈ సంగతి తరువాత నీలవేణే మా ఆవిడతో చెప్పింది.

"నీకు బాదం సుట్ట పెడతాను. దగ్గినట్టు సెయ్యి."

కొర్లమ్మ అనుకోనిది ఒకటి జరిగింది. నీలవేణి ఒప్పుకోలేదు.

"నాకు నిజంది కావాల, అత్తా."

"నీకేటి మతిపోనాదా?"

"ఏడాదిన్నరయ్యింది నానొచ్చి. నూతి కాడ కెల్తే 'గేదె, పక్కకి జరుగు' అంతారు. నా బిడ్డని 'గేదె దూడ' అన్నాది మొన్న ఒకావిడ. నాను కాల్చుకుంతాను. కాలితే కాలనీ. పొయ్యిమూతి అనిపించుకుంతాను గానీ నా గుంటని దూడనిపించను."

కొర్లమ్మ కోడలిని వాకిట్లో వెలుతురులోకి లాక్కొచ్చి, నోరు బార్లా తెరిచి, తల వెనక్కి వాల్చింది. "సూడు," అంది. నీలవేణి చూసింది. కోడలు అత్త నోట్లోకి చూడటం ఆ వీధి చరిత్రలో అదే మొదలు. తగ్గింది తగ్గగా మిగిలినదే ఆ పిల్లకు చాలింది. పక్కకు వెళ్లి వాంతి చేసుకుని వచ్చి, "దగ్గడం ఎలాగో సెప్పు," అంది.

మర్నాడు వాకిట్లో జట్టంతా చేరింది. పక్క జట్లవాళ్లూ వచ్చారు. ఏటి అవతల నుంచి నీలవేణి తల్లి, ఇద్దరు పిన్నులూ బుగ్గల్లో పొగాకుతో వచ్చి దూరంగా నిలబడ్డారు. నన్ను కాస్త ఎడంగా బల్ల మీద కూర్చోబెట్టారు. ఊళ్లో ఏ శుభకార్యానికైనా పంతులును కూర్చోబెట్టడం అలవాటు. పాతికేళ్లుగా ఎన్నో పరీక్షలకు నేను కాపలా కూర్చున్నాను. ఏ పరీక్షలోనూ నా అరచేతులు అంతగా చెమర్చలేదు. కొర్లమ్మ కొత్త కోక కట్టి, నోట్లో చుట్టతో వచ్చి పీట మీద కూర్చుంది. ఎదురు పీట మీద నీలవేణి. పైట ఇద్దరి మీదా పడింది.

వెంటనే దగ్గు వినిపించింది. నాలుగు దగ్గులు. చాలా మంచి దగ్గులు. కానీ అప్పటికి కొర్లమ్మ ఇంకా తన నోట్లోంచి చుట్ట తియ్యనే లేదు. పైట కింద ఆవిడ మోచెయ్యి కదలడం ఆ తరువాత అందరికీ కనిపించింది.

"పెట్టకముందే దగ్గినాదేటే?" అంది ఎవరో.

"వాసనకే," అంది కొర్లమ్మ గొంతు పైట లోపలి నుంచి. "ఏటిగట్టు ముక్కు. అలవాటు నేదు."

ఏటిగట్టు పిన్నులు ముఖాలు తిప్పుకున్నారు. మళ్లీ దగ్గులు వచ్చాయి, ఈసారి వరుసలో. పైట అంచు నుంచి మాత్రం పొగ రాలేదు. గాలి ఆనాడు ఎందుకో పడిపోయింది. నిశ్చలంగా ఉన్న ఎండలో ఆ పైట కొత్త కోక పైటలాగే ఉంది, తెల్లగా, శుభ్రంగా. ఇరవై ముప్పై కళ్లు దాన్నే చూస్తున్నాయి.

తవిటమ్మ తన ఆరిన చుట్ట పట్టుకుని లేచింది. మెల్లగా వచ్చి వంగి పైట కింద తల దూర్చింది.

ఆ లోపల ఏం జరిగిందో బయటివాళ్లకు కనపడలేదు. మూడు తలలు ఒక గుడ్డ కింద. ఏ మూలా కదలిక లేదు. తవిటమ్మ ఇరవై రెండేళ్లుగా ఎదురుచూసినది ఆ పైట కింద చేతికందే దూరంలో ఉంది. తల బయటికి తీసి ఒక్క మాట అంటే చాలు. మర్నాడు పొద్దున్న జట్టంతా తన వాకిట్లో నిలబడుతుంది. కొర్లమ్మకు పాడె వెదుళ్లు వస్తాయి. ఈ పిల్ల నోట్లో నిజం నిప్పు పడుతుంది. నేను ఊపిరి బిగబట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నలభై దాకా వచ్చాను.

తవిటమ్మ బయటికి వచ్చింది. చుట్ట నోట్లో ఉంది, మాడిన కొస లోపలికి. పెదవులు మూసుకుని ఉన్నాయి. నింపాదిగా చుట్టూ చూసింది. ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చింది.

"అంటుకుంది," అంది.

"పొగ రాలేదేటే?" అంది ఇందాకటి గొంతే.

"వచ్చినాది. నీ కంటి ముందరి నుంచే పోనాది. కంట్లో పువ్వేసుకుని పొగ నేదంతావేటి? ముందు ఆ డాక్టరమ్మ జీపెక్కి కళ్లు సూపించుకో." తరువాత దూరంగా నిలబడ్డ ఏటిగట్టు ఆడవాళ్ల వైపు తిరిగింది. "మీ పిల్ల మాదయిపోనాది. ఎల్లి కూడు తినండి."

జనం కదిలారు. ఎవరో పసిపిల్లను తెచ్చి నీలవేణి ఒళ్లో పెట్టారు. ఆ పిల్లను ఎత్తుకొచ్చింది 'దూడ' అన్నావిడే. ఈసారి "మా యీది బుజ్జమ్మ" అంటూ తెచ్చింది. నాకు కళ్లలో ఏదో పడింది. పొగ అనడానికి వీల్లేదు కదా అక్కడ.

భోజనాలయ్యాక కొర్లమ్మ, తవిటమ్మ మా బడి గోడ నీడలో కూర్చున్నారు. తవిటమ్మ నోట్లో ఇంకా ఆ చుట్టే ఉంది. అందరి ముందూ అంటుకుందన్నాక మళ్లీ ఎవరిని నిప్పు అడుగుతుంది? పొద్దుటి నుంచి ఆ ఆరిన చుట్టనే చప్పరిస్తోంది. నేను కిటికీ లోపల హాజరుపట్టీ వేస్తున్నాను. వాళ్లకు నేను ఉన్నట్టు తెలుసు. నన్ను గోడలో భాగంగా లెక్కవేశారు.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు నీకు?" అంది కొర్లమ్మ.

"నీ ఇంట్లో బాదం చెట్టు నేదు. నీ నోరేమో బాదం వాసన. నాకు ముక్కు నేదేటి?"

"మరి అప్పుడే సెప్పీలేకపోనావా? నిప్పు నీకొచ్చీది."

తవిటమ్మ చుట్ట తీసి దాని మాడిన కొస చూసి మళ్లీ పెట్టుకుంది. "నిప్పొచ్చీది. పాటెవులు పాడతారు? నాను పాడితే షావుకార్లు జట్టుని గంపలతో సహా కొనీస్తారు. నీ అంగుడికి సిల్లు పడితే నాకేటి వస్తాది? నీ అత్త నాకు మేనత్త. ముక్కులోంచి అంబలొచ్చినప్పుడు తుడిసినదెవులు, నువ్వా నేనా?"

"నువ్వే," అంది కొర్లమ్మ.

రొంటిలోంచి బాదం చుట్ట ఒకటి తీసి ఇస్తే, తవిటమ్మ తన ఆరిన చుట్ట తీసేసి దాన్ని నోట్లో పెట్టుకుంది. నేను హాజరుపట్టీలో ఒకే పిల్లవాడికి రెండుసార్లు గుర్తు వేశాను.

"సప్పగా ఉన్నాదే ఇది," అంది తవిటమ్మ. "గడ్డి లాగున్నాది. అలవాటయ్యేతలికి ఎన్నాళ్లు పడతాది?"

"ఇరవై రోజులు సచ్చినంత పనవుద్ది."

"తరవాత?"

"తరవాతా సచ్చినంత పనే. కాకపోతే తిట్టడం తగ్గుద్ది."

తవిటమ్మ తల ఊపింది. లేచి బాదం చెట్టు కిందకు వెళ్లి వంగి, పెద్ద ఎండుటాకు ఒకటి ఏరి, ఎండకు ఎత్తి పట్టుకుని, పొగాకు బేరం చేసే మనిషిలా దాని ఈనెలు చూసింది.

"ఈ కాడ తియ్యాలా, ఉంచాలా?" అని అడిగింది.